తోళ్లసందు మీదికి వదిలిన నీళ్లు

మా హెసల్‌ఫర్డ్‌లో ఎఫ్రాయిమ్ డాక్ మిల్లు ఆనకట్ట దగ్గర తూము కాపరిగా ఉండేవాడు. పెళ్లి చేసుకోలేదు. చెల్లెలు లేయా మా తోళ్లసందులో, మా పక్కింట్లోనే ఉండేది. ఆదివారం అతను వస్తే లేయా కూతురు టామ్సిన్ అతని బూట్ల మీదెక్కి నిలబడేది. ఆ పిల్లను అలాగే ఇల్లంతా నడిపించేవాడు. ఆమెకి అయిదేళ్లు, నాకు ఎనిమిది.

1879 ఆగస్టులో మూడు రోజులు ఎడతెరిపి లేకుండా వాన కురిసింది. నాలుగో రోజు గురువారం, సంత రోజు. పైన ఏరు గట్టు అంచుకి జానెడు కిందుగా పారుతోంది. మిల్లు యజమాని తరఫున పెత్తనం చేసే గారడ్ గుర్రం మీద తూము దగ్గరికి వచ్చాడు. మా సందులో ఇళ్లన్నీ ఆ యజమానివే. ఎవరు ఉండాలో, ఎవరు ఖాళీ చెయ్యాలో చెప్పేది గారడే.

"డాక్, పాత కాలవ తలుపులెత్తు. ఇంకో గంటాగితే గట్టు తెగి సంతంతా కొట్టుకుపోతుంది."

"ఎత్తితే తోళ్లసందు మునుగుతుందయ్యా. మా లేయా అక్కడే ఉంది."

"తెలుసులేవయ్యా! నేనిప్పుడు అటే వెళ్తున్నా. అందర్నీ చర్చి మిట్టకి తోలేస్తా. నాలుగు గంటలు కొట్టగానే ఎత్తెయ్."

"మీరే వెళ్తారా అయ్యా?"

"నా మాట మీద నమ్మకం లేదా నీకు?"

ఎఫ్రాయిమ్ నమ్మాడు. చర్చి గడియారం నాలుగు కొట్టాక రెండు చేతులతో చక్రం తిప్పి తలుపులెత్తాడు.

గారడ్ మా సందుకి రాలేదు. అమ్మ ఉతికిన బట్టలు పిండుతోంది. వీధి చివర ఏదో ఉరిమినట్టయింది. తలుపు దానంతటదే లోపలికి ఊడిపడింది. నీళ్లతో పాటు తోళ్లు నానబెట్టే గుంతల్లోని సున్నం కూడా వచ్చింది. అమ్మ నన్ను బల్ల మీదికి, అక్కణ్నుంచి అటక మీదికి తోసింది. ఆమె మోకాళ్ల కింద చర్మం ఊడివచ్చింది. చచ్చేదాకా ఆ కాళ్లు మానలేదు.

పదకొండు మంది పోయారు. లేయా గుడ్లమ్ముకోవడానికి సంతకి వెళ్లింది. జ్వరంతో నిద్రపోతున్న టామ్సిన్ ఒక్కతే ఇంట్లో ఉంది. రెండు రోజుల తర్వాత తోళ్లు ఆరేసే కొయ్యల మధ్య ఆ పిల్ల దొరికింది. మొదట చూసినవాడు తోలే అనుకుని లాగాడట.

విచారణలో గారడ్ బైబిల్ మీద చెయ్యి పెట్టి చెప్పాడు: "నేను కబురు పంపేదాకా ఆగమన్నాను. డాక్ తొందరపడ్డాడు."

"నాలుగింటికన్నారయ్యా," అన్నాడు ఎఫ్రాయిమ్. ఆ మాట ఎవరూ రాసుకోలేదు. వరద దైవికం అని తేల్చారు.

పైగా సంత వీధి వర్తకులు తమ సరుకు కాపాడినందుకు అతనికి వెండి గడియారం బహూకరించారు. వద్దనడం చాతకాక పుచ్చుకున్నాడు. తిన్నగా లేయా ఇంటికి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని సున్నపు గుంతలోకి విసిరేసి తలుపు మూసుకుంది.

అప్పట్నుంచి మా సందులో అతనితో ఎవరూ మాట్లాడలేదు. రొట్టెల కొట్టు ఆవిడ అతని రొట్టెను చేతికివ్వకుండా గడప మీద పడేసేది. ప్రార్థనా మందిరంలో అతను కూర్చున్న బల్ల ఖాళీ అయిపోయేది. మేం పిల్లలం తోలు ముక్కలు పోగుచేసుకుని కాపు కాసేవాళ్లం. "నాలుగైందా డాకూ?" అని అరిచి కొట్టేవాళ్లం. అందరిలోకీ నా గురి బాగుండేది. అతను ఒక్కసారి కూడా చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. అది చూసి మాకు ఇంకా కసెక్కేది.

మూడేళ్ల తర్వాత సత్రం నేలమాళిగలో పనిచేసేవాడు తాగి నోరు జారాడు. ఆరోజు గారడ్ మా సందుకి బయల్దేరి, దారిలో సత్రం దగ్గర ఆగాడట. నేలమాళిగలో మిల్లు యజమాని ద్రాక్షసారా పీపాలు తడుస్తాయని దగ్గరుండి పైకి మోయించాడట. నాలుగు కొట్టినప్పుడు "ఇంకో రెండు పీపాలేగా" అన్నాడట.

ఆ సంగతి వారంలో సందంతా పాకింది. అయినా ఏమీ మారలేదు. ఎఫ్రాయిమ్ మీద తోలు ముక్కలు పడుతూనే ఉన్నాయి.

1895 నవంబరులో పెద్ద గాలివాన వచ్చింది. ఆ మధ్యాహ్నం ఎఫ్రాయిమ్ ఎవర్నీ నమ్మకుండా తనే వచ్చి ప్రతి తలుపూ బాదాడు. "గట్టు తెగుతోంది, లేవండి! మందిరం మేడ మీదికి పొండి!" జవాబివ్వకుండానే అందరం లేచి వెళ్లాం. నడవలేని ముసలివాళ్లను ముగ్గుర్ని ఒకరి తర్వాత ఒకర్ని వీపు మీద మోసుకొచ్చి మేడ మీద దింపాడు. వాళ్లలో మా అమ్మ ఒకతె. నాలుగోసారి ఒంటరిగా వచ్చాడు. అప్పటికి మెట్ల కింద నీళ్లు నడుం లోతు ఉన్నాయి. మేడ తలుపు దగ్గర లేయా నిలబడి ఉంది.

"ఇక్కడ చోటు లేదు."

"లేయా, చలేస్తోందే."

"మెట్ల మీదుండు."

నా పక్కన ఇద్దరికి సరిపడా చోటుంది. అది కనబడకుండా నేను శాలువా తీసి అక్కడ పరిచాను. అరవై మందిమి ఉన్నాం, ఒక్కరూ జరగలేదు.

నీళ్లు పెరిగి పై మెట్ల దాకా వచ్చాయి. పొద్దువాలే దాకా ఇంకో మెట్టు ఎక్కకుండా అతను ఛాతీ లోతు నీళ్లలో చేతిపట్టె పట్టుకుని నిలబడ్డాడు. నీళ్లు తీశాక తన గుడిసెకి తనే నడిచి వెళ్లాడు. ఊపిరితిత్తులకు చలి పట్టి తొమ్మిదో రోజున పోయాడు. ఆ తొమ్మిది రోజులూ మా సందు నుంచి ఎవరూ వెళ్లలేదు.

శవానికి స్నానం చేయించడానికి లేయా వెళ్లింది. ఎత్తి పట్టుకోవడానికి నన్ను తోడు పిలిచింది. అతని గోళ్లలో మట్టి పుల్లతో తీస్తూ అడిగింది.

"గారడ్ పీపాల సంగతి నీకు తెలుసుగా?"

"తెలుసు."

"వీడి తప్పు లేదని నాకు విచారణ రోజే తెలుసు. వీడెప్పుడూ అబద్ధమాడలేదు."

"మరెందుకు లేయా?"

"గారడ్‌ని తిడితే ఇల్లు పోద్ది. వీణ్ణి తిడితే ఏం పోద్ది?" అంది. "ఆ చెంబిలా ఇయ్యి, నీళ్లు చల్లారిపోతున్నాయి."

పాతిపెట్టే రోజు గారడ్ వచ్చాడు, టోపీ తీసి చేత్తో పట్టుకుని. "మంచి పనివాడు," అన్నాడు. లేయా మోకాళ్లు వంచి ఆయనకు నమస్కారం చేసింది. ఆమె వెనకాల మేమంతా వరసగా చేశాం.