మా ఊరి ఒలింపిక్స్

పోయిన వారం షికాగో దగ్గరి నేపర్‌విల్‌లో మా అమ్మాయి స్కూల్ మైదానం పక్కన నిలబడి ఉన్నాను. ఎండకు కాగిన పరుగుబాట నుంచి రబ్బరు వాసన గుప్పుమంది. పిల్లలు కేరింతలు కొడుతున్నారు. తోటి తల్లులు నీళ్ళ సీసాలు అందిస్తున్నారు. నాకు మాత్రం కోచ్ హాలిస్ గుర్తొచ్చి గుండె ఝల్లుమంది. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆవిడ తలపుకొస్తే ముందు కలిగేది ప్రేమ కాదు, ఉలికిపాటు. ప్రేమ ఆ వెనక వస్తుంది.

మేం డెబ్భై తొమ్మిదిలో సెయింట్ లూయిస్ శివార్లకు వచ్చాం. నాన్న విమానాల కర్మాగారంలో ఇంజనీరు. నా హైస్కూల్లో చరిత్ర టీచరూ, పరుగుపందేల కోచూ హాలిస్ గారే. యాభై దాటిన నల్లజాతి స్త్రీ, పొడగరి, మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతుండేది. ప్రతి పందేనికీ ముందు, ఎన్నిసార్లు పరిగెత్తినవాళ్ళకైనా సరే, నిబంధనలన్నీ మొదటి నుంచీ చెప్పేవారు. "ఇక్కడ మొదలు, అక్కడ ముగింపు. తుపాకీ పేలాకే కదలాలి. అర్థం కానివాళ్ళు అడగండి, సిగ్గేమీ లేదు." మేం వెనక నిలబడి ముసిముసిగా నవ్వుకునేవాళ్ళం.

ఎనభై నాలుగు వసంతకాలంలో ఎక్కడ విన్నా లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్ కబుర్లే. అమెరికాలో మొట్టమొదటి ఒలింపిక్స్ 1904లో మా సెయింట్ లూయిస్‌లోనే జరిగాయని స్కూలంతా పొంగిపోయింది. దాని మీద సభలో మాట్లాడమని ప్రిన్సిపాల్ నన్ను ఎంచుకున్నారు. "నువ్వు వేరే దేశం నుంచి వచ్చావు కదా, చూడ్డానికి బావుంటుంది. మీ డ్రెస్ వేసుకుని రా" అన్నారు. అమ్మ ఆ సాయంత్రమే నా పట్టు పరికిణీ ఇస్త్రీ చేసి పెట్టింది. గెలిచినవాళ్ళకు బంగారు పతకాలివ్వడం మా ఊళ్ళోనే మొదలైందంటూ నేను ఉత్సాహంగా ఉపన్యాసం రాసుకున్నాను. కోచ్ అది చదివి, "బావుంది. సగమే ఉంది. శనివారం నాతో రా" అన్నారు.

శనివారం ఊళ్ళోని పెద్ద లైబ్రరీకి తీసుకెళ్ళి, పాత ఫొటోల పెట్టె తెప్పించి నా ముందు పెట్టారు. మొదటి ఫొటోలో మొలకు గుడ్డ చుట్టుకున్న ఒక మనిషి బల్లెం విసరబోతున్నాడు. అతని వెనక టోపీలు పెట్టుకున్న మగవాళ్ళు, గొడుగులు పట్టుకున్న ఆడవాళ్ళు పగలబడి నవ్వుతున్నారు.

"వాళ్ళెందుకు నవ్వుతున్నారు, కోచ్?"

"అతను ఓడిపోతాడని ముందే తెలుసు కాబట్టి."

ఆ ఏడాది ఊళ్ళో ప్రపంచ ప్రదర్శన కూడా జరిగిందట. అందులో వస్తువులతో పాటు మనుషుల్నీ చూపించారట. ఫిలిప్పీన్స్ నుంచి, ఆఫ్రికా నుంచి, జపాన్ ఉత్తరాది నుంచి తెచ్చినవాళ్ళు, ఈ నేల మీదే పుట్టిన ఆదివాసులు. ఒలింపిక్స్‌కి ముందు రెండు రోజులు వాళ్ళందరినీ మైదానంలోకి దింపి పందేలు పెట్టారు. ఎప్పుడూ చూడని ఆటలు, ఎవరూ నేర్పలేదు. తుపాకీ ఎందుకు పేలిందో తెలియనివాళ్ళు కొందరు. ముగింపు దగ్గర కట్టిన తాడు కిందుగా వంగి దూరినవాళ్ళు కొందరు. తోటివాడు వెనకబడ్డాడని ఆగి నిలబడ్డవాళ్ళు కొందరు. చివరికి, అనాగరికులు తెల్లవాళ్ళతో సరితూగరని రుజువైపోయిందని రాసుకున్నారు.

మైదానంలో ఆవిడ నిబంధనలు చెబుతుంటే మేం నవ్విన నవ్వులు చెవుల్లో మోగాయి. "మా వాళ్ళు కూడా ఉన్నారా?" అని ఎలాగో అడిగాను.

"చాలామందికి సరైన పేరు కూడా రాయలేదమ్మా. ఎవరెవరున్నారో నేనెలా చెప్పను?"

అక్కణ్ణుంచి ఆ పందేలు జరిగిన స్టేడియానికి తీసుకెళ్ళారు. అది అప్పటికీ వాడుకలోనే ఉంది. కోచ్ లోపలికి వెళ్ళలేదు, ఇనుప కంచె మీద చెయ్యి వేసి ఆగిపోయారు. "నా చిన్నప్పుడు నల్లపిల్లల్ని లోపలికి రానిచ్చేవారు కాదు. లోపల తెల్లపిల్లలు పరిగెత్తుతుంటే, నేను ఇటు పక్క, ఈ కాలిబాట మీద వాళ్ళతో సమానంగా పరిగెత్తేదాన్ని. చాలాసార్లు గెలిచాను. ఎవరూ చూడలేదు." ఎంత మామూలుగా చెప్పారంటే, ఆ మామూలుతనానికే నాకు వణుకు పుట్టింది.

ఇంట్లో చెబితే నాన్న ముఖం మాడ్చుకున్నారు. "ఇదంతా మనకెందుకే? వాళ్ళ కంట్రీ, వాళ్ళ హిస్టరీ. గ్రీన్ కార్డ్ వచ్చి ఎన్నాళ్ళయింది? గోల్డ్ మెడల్స్ గురించి చెప్పేసి కూర్చో."

అమ్మ మాత్రం నేను కాపీ తీయించి తెచ్చిన ఫొటోను చాలాసేపు చూసి, "ఇతన్ని ఇలా నిలబెట్టారని వాళ్ళమ్మకి తెలిసుంటుందా?" అంది. తర్వాత లేచి వెళ్ళి పరికిణీని మడిచి బీరువాలో పెట్టేసింది.

సభకు జీన్స్ వేసుకునే వెళ్ళాను. పతకాల గురించి చెప్పాను, చప్పట్లు కొట్టారు. ఫొటో గురించి మొదలుపెట్టగానే హాలు బిగుసుకుపోయింది. వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. అంతలో ప్రిన్సిపాల్ నవ్వుతూ వచ్చి, "థాంక్యూ, చాలా బాగా చెప్పావు" అంటూ మైకు తనవైపు తిప్పుకున్నారు.

హాలు చివర కోచ్ లేచి నిలబడ్డారు. "ఆ అమ్మాయి ఇంకా పూర్తి చేయలేదు."

గొంతు పెంచలేదు. కూర్చోనూ లేదు. అందరి తలలూ అటు తిరిగాయి. ప్రిన్సిపాల్ ముఖం ఎర్రబడింది, కానీ మైకు వదిలారు. నేను మిగతాది చదివాను. అదే ఒలింపిక్స్ మారథాన్‌లో, ఎండలో, దుమ్ములో, దారిలో తాగడానికి నీళ్ళు సరిగా దొరకని చోట ఇద్దరు ఆఫ్రికన్లు పరిగెత్తారని, వాళ్ళలో ఒకణ్ణి కుక్కలు తరిమి దారి తప్పించినా తొమ్మిదోవాడిగా వచ్చాడని చెప్పాను. చప్పట్లు లేవు. కోచ్ మాత్రం నేను దిగేదాకా నిలబడే ఉన్నారు.

సెలవుల తర్వాత స్కూలు తెరిచేసరికి మైదానంలో ఈల వేస్తున్నది కొత్త కోచ్. హాలిస్ గారిని కోచ్ పని నుంచి తప్పించి, ఇక చరిత్ర పాఠాలు మాత్రం చెబితే చాలన్నారట. కారణం ఎవరూ చెప్పలేదు. ఏడుస్తూ వాళ్ళింటికి పరిగెత్తాను. ఆవిడ వరండా కటకటాలకు రంగు వేస్తున్నారు.

"నా వల్లే కదా?"

"నీ వల్ల కాదు. నేను నిలబడ్డందుకు."

"మళ్ళీ అలాంటిది జరిగితే?"

"మోకాళ్ళు సహకరిస్తే మళ్ళీ నిలబడతాను." నవ్వి, బ్రష్ పక్కన పెట్టారు. "చూడు, ఆ రోజు లైబ్రరీలో నీ ముఖం పాలిపోయింది. ఆ అదురుపాటు పోగొట్టుకోకు. ఫొటోలో నవ్వుతున్నవాళ్ళు రాక్షసులు కారు, అలాంటివి చూసి చూసి అలవాటుపడ్డవాళ్ళు."

నేను ఫిజియోథెరపిస్టునయ్యాను. రెండు నెలల క్రితం మా హాస్పిటల్‌లో, కొడుకు దగ్గరికి వచ్చిన ఒక గుజరాతీ పెద్దావిణ్ణి నడవాలో నడిపిస్తూ పరీక్ష చేస్తున్నారు. ఆవిడకు ఇంగ్లీషు రాదు. తిరగమంటే ఆగింది, ఆగమంటే నడిచింది. అద్దం వెనక ఇద్దరు కుర్ర డాక్టర్లు నవ్వారు. మెదడు పనితీరు సరిగా లేదని ఒకతను రాయబోయాడు. వాళ్ళు మంచివాళ్ళు, రోజూ నాతో కలిసి భోజనం చేసేవాళ్ళు. నాలో మళ్ళీ అదే ఝల్లు. తలుపు తోసుకుని వెళ్ళి పరీక్ష ఆపించాను. ఫోన్‌లో గుజరాతీ మాట్లాడే మనిషిని పట్టుకుని, ఎక్కణ్ణుంచి మొదలో, ఎక్కడ తిరగాలో ఆవిడకు చెప్పించాను. ఆవిడ చీర కుచ్చెళ్ళు సర్దుకుని, చివరిదాకా చక్కగా నడిచి, తిరిగి వచ్చి నా ముందు ఆగింది.