కొవ్వు తీసిన మాంసం

షామీర్‌పేట దగ్గర ఒక చిన్న కంపెనీలో నేను మైక్రోబయాలజిస్టును. నీళ్లు, పాలు, మందులు పరీక్షించే ల్యాబులకు, టీకాలు తయారుచేసేవాళ్లకు మేం సూక్ష్మజీవుల ఆహారం తయారుచేసి అమ్ముతాం. అందులో ముఖ్యమైనది పెప్టోన్. మాంసాన్ని కైమా కొట్టి, ఎంజైము వేసి కరిగించి, వడగట్టి ఆరబెడితే లేత గోధుమరంగు పొడి వస్తుంది. అదే పెప్టోన్.

మాకు మాంసం తెచ్చే ఆమెది మేడ్చల్. కటికవాళ్లు. భర్త పోయాక మటన్ దుకాణం తనే నడుపుతోంది. దుకాణంలో ఎవరూ అడగని ముదురు గొర్రె మాంసం మాకు సరిపోయేది. కానీ కొవ్వు బొత్తిగా ఉండకూడదు. ఉంటే ద్రవం మసకబారుతుంది. మొదట్లో ఆమె తెచ్చిన సరుకు నేను వెనక్కి పంపేదాన్ని. ఆమె మర్నాడు ఇంకా శుభ్రంగా కోసి తెచ్చేది.

ఒకరోజు గేటు దగ్గర నిలబడి అడిగింది.

"గీ పొడి ఎవరు దింటరు మేడం?"

లోపలికి తీసుకెళ్లి, మూతపెట్టిన గాజు పళ్లెం ఒకటి దీపం ముందు పట్టి చూపించాను. తెల్లటి చుక్కలు వరసగా ఉన్నాయి.

"నువ్వు దెచ్చిన మాంసంతోనే పెరిగినయక్కా."

ఆమె చాలాసేపు చూసింది. ఆ తర్వాత నన్ను మేడం అనడం మానేసి చెల్లె అనడం మొదలుపెట్టింది.

ఆమెకు కొంపల్లి ఫంక్షన్ హాళ్ల ఆర్డర్లు కూడా ఉండేవి. పెళ్లిళ్ల రోజుల్లో అక్కడికి మాంసం చేర్చి మా దగ్గరికి వచ్చేసరికి ఆలస్యమయ్యేది. నేనే చెప్పాను.

"పొద్దుగాల తాజాగ గావాలక్కా. ఆలస్యమైతే మాకు పనికిరాదు. ఏదో ఒకటి సూసుకో."

ఆమె ఆలోచించుకుని ఫంక్షన్ హాళ్లను అలియాబాద్‌లో దుకాణమున్న మరిదికి వదిలేసింది. మాకు సరుకు వేళకు రావడం మొదలైంది. నేను సంతోషించాను.

తర్వాత టీకాలు తయారుచేసేవాళ్లు జంతువుల నుంచి వచ్చినదేదీ వద్దనడం మొదలుపెట్టారు. పశువుల రోగాలేవైనా అందులో వస్తాయేమోనని వాళ్ల భయం. అందులో తప్పేమీ లేదు. సోయాతో చేసిన పెప్టోన్ పనికొస్తుందో లేదో చూడమని మా మేనేజర్ నాకు అప్పజెప్పాడు.

చాలా సూక్ష్మజీవులు సోయా మీద బాగానే పెరిగాయి. ఒక రకం మాత్రం మొండికేసింది. సూదిమొన అంత చుక్కలుగా వచ్చి ఆగిపోయేది. పెరగలేదని రాసిచ్చేస్తే మాంసమే కొనసాగేది. అలా రాయొచ్చని కూడా నాకు తట్టలేదు. ఎందుకు పెరగడం లేదన్న పట్టుదలే తప్ప ఇంకేదీ లేదు. కొంచెం ఈస్టు సారం కలిపి చూడమని ఎవరూ చెప్పలేదు, నేనే కలిపాను. మర్నాడు పళ్లెం తెరిస్తే గుండ్రంగా, నిండుగా ఉన్నాయి. అందరినీ పిలిచి చూపించాను. మేనేజర్ మిఠాయి తెప్పించాడు. నేను రెండు తిన్నాను.

సాయంత్రం స్కూటీ మీద ఇంటికి వెళుతూ మేడ్చల్‌లోకి వచ్చాక, సిగ్నల్ దగ్గర ఆమె గుర్తొచ్చింది. అప్పటిదాకా గుర్తు రాలేదు. ఆ సంగతే నన్ను ఎక్కువగా బాధపెట్టింది.

మాంసం ఇక వద్దని ఆఫీసువాళ్లు ఆమెకు ఫోన్ చేసి చెబుతామన్నారు. నేనే వెళ్లి చెబుతానన్నాను. ఆదివారం గిరాకీ తగ్గాక మధ్యాహ్నం వెళ్లాను. ఆమె మాంసం కొట్టే మొద్దు కడుగుతోంది. నన్ను చూసి చేతులు తుడుచుకుని కుర్చీ వేసింది.

"ఏంది చెల్లె, ఐతారం పూట గిట్లొచ్చినవ్?"

"ఇగ మాంసం బంద్ జేస్తున్నరక్కా. సోయతోని జేస్తరంట."

"మాంసం లేకుంట గవి బతుకుతయా?"

"బతుకుతయి."

"ఎవరు జూసిన్రు?"

"నేనే జూసిన. నేనే జేసిన."

ఆమె మొద్దు మీద ఇంకో చెంబు నీళ్లు పోసింది.

"నీ పని నువ్వు జేసినవ్. దానికి నువ్వేం పరేషాన్ గాకు. చాయ్ తాగుతవా?"

తిట్టి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. మా దగ్గర గాజుసామాను కడిగే పని ఇప్పిస్తానన్నాను. మేనేజర్‌ని అప్పటికే అడిగి ఉంచాను.

"కత్తి పట్టిన చెయ్యి చెల్లె. గాజు నాతోని గాదు. ఒక్క పని జేసిపెట్టు. కొంపల్లిల మీ ఇంటికాడ ఫంక్షన్ హాలున్నది గదా, దాని ఓనరుకు నా గురించి ఒక్క మాట జెప్పు. మా మరిదిని నేనెట్ల అడుగుత? వదిలింది నేనేనాయె."

చెబుతానని మాటిచ్చి వచ్చాను. ఆ వారమే వెళ్లాను. హాలు యజమాని మర్యాదగా కూర్చోబెట్టాడు.

"ఆమె మాంసం మంచిగుంటుండె మేడం, కాదనను. కానీ ఇగ ఆ మరిదే ఇస్తుండు, మాకేం ఇబ్బంది లేదు. ఇప్పుడు మార్చుడెందుకు?"

ఇప్పుడు ఆమె దుకాణం ఆదివారాలు మాత్రమే తెరుస్తోంది. మిగతా రోజుల్లో అలియాబాద్‌లో మరిది దుకాణంలోనే కూలికి మాంసం కొడుతోందని మా డ్రైవర్ చెప్పాడు. ఆ హాలుకు వెళ్లే మాంసం కూడా ఆమే కోస్తోందట.

యజమాని అన్న మాట ఆమెకు నేనింకా చెప్పలేదు. అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. ఎత్తుతాను. పిల్లల గురించి, ఎండల గురించి మాట్లాడుకుంటాం. హాలు సంగతి ఆమె అడగదు, నేను ఎత్తను. పెట్టేసే ముందు ఆమె ఒక్క క్షణం ఆగుతుంది. ఆ క్షణంలో నేను, "సరే అక్కా, మళ్ల మాట్లాడుత" అనేస్తాను.