బాపమ్మ పారెయ్యనన్న పరుపు

ఊర్జానగర్ వైపు తిరిగే పులి ఒకసారి దారి తప్పి మా గల్లీలోకి వచ్చింది. అరుగు మీద కూర్చున్న మా బాపమ్మను చూసింది. "తప్పయింది బాయీ" అని తోక ముడుచుకుని వచ్చిన దారినే పోయింది. నమ్మకపోతే చంద్రపూర్ గోల్ బజార్‌లో ఎవరినైనా అడగండి. పులి సంగతి వాళ్లకు తెలియకపోవచ్చు గానీ, మా బాపమ్మ సంగతి బాగా తెలుసు.

ఆమె పేరు సావిత్రి. మా గిన్నెల దుకాణంలో గల్లా ముందు కూర్చుని మరాఠీలో బేరమాడుతుంది, తెలుగులో తిడుతుంది. తిట్లు అర్థం కాకనే గిరాకీ మళ్లీ వస్తుందని మా తాత అనేవాడు. ఆ తాత ఈ వైశాఖంలో పోయాడు. కొన్నాళ్లు దవాఖానలో ఉండి ఇంటికొచ్చి, తన పరుపు మీదే, మధ్యాహ్నం కునుకు తీస్తూ తీస్తూ పోయాడు.

చనిపోయిన మనిషి బట్టలు, పక్కబట్టలు మా వాళ్లలో చాకలికి చెందుతాయి. అందుకని మల్లవ్వకు కబురు పెట్టారు. ఆమె వచ్చి ధోతులు, కోటు, దుప్పటి మూటగట్టుకుంది. పరుపు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది.

"గిది నాకొద్దు సావిత్రమ్మా. మా పిలగాడు ఫోమ్ పరుపు తెచ్చిండు. గింత బరువు దూదిని నేనేడ పెట్టుకోవాలె?"

తీసుకునే హక్కున్న మనిషే వద్దంటే ఏం చెయ్యాలో మా ఆచారంలో ఎక్కడా లేదు. అప్పుడు మా కాక అనంతరావు తీర్పు చెప్పాడు. కాక ఊర్జానగర్ కరెంటు కేంద్రంలో ఇంజనీరు. కరెంటు తయారు చేసేవాళ్లకు అన్నీ తెలుసని ఆయన నమ్మకం.

"ఆదివారం టెంపో తెస్తనే అమ్మా. ఇరై నది ఒడ్డున పడేసి వద్దాం. మాసికం నాటికి గిది ఇంట్ల ఉండొద్దు."

"ఒడ్డున పడేస్తె వానలకు నీళ్లల్ల కొట్టుకపోతది. మల్ల గా నీళ్లే తాగుతవా?"

"అయితే కాలవెడుదాం."

"వరోరా పత్తిరా గది! దుకాణం పెట్టిన ఏడు మీ బాపు బస్సు మీద ఏసుకొచ్చిండు. నువ్వు దాని మీదనే పాకినవ్, దాని మీదనే ఉచ్చ పోసినవ్. మనిషి పండుకునే పరుపును నేను పారెయ్యనియ్య."

"పోయినోళ్ల పరుపు మీద ఎవడు పండుకుంటడే?"

"ఆదివారం లోపట చూపిస్త. అప్పటిదాంక ఎవరు దొరకకుంటె నీ టెంపోలనే ఎయ్యి, నేను నోరు తెరువ."

బాపమ్మ నోరు తెరవకుండా ఉండడం! ఇంట్లో అందరం పరుపు కంటే ఆ పందెం గురించే ఎక్కువ ఆలోచించాం.

మర్నాడు పొద్దున్నే ఆమె మిద్దె ఎక్కి పరుపు కుట్లు విప్పింది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. పదో తరగతి తప్పినా కత్తెర పట్టడానికి పనికొస్తానట. మరకలు పడ్డ దూదినంతా వేరు చేసి, పెరట్లో నిమ్మచెట్టు మొదట్లో గుంత తీయించి పూడ్పించింది. మిగిలినది చంద్రపూర్ ఎండకు అప్పగించింది.

"గీ ఎండకు మనమే బతుకుతలేం, రోగమేం బతుకుతదే?" అంది.

ఎండిన దూదిని బాబూమియా దగ్గర మిషన్ మీద ఏకించాం. ఆయన పరుపులు కుడతాడు. బయటికొచ్చిన దూదిని వేళ్ల మధ్య లాగి చూసి, "అసలు మాల్ బాయీ! ఉంచిపో. ఎవరి పరుపులనన్న కలిపేస్త" అన్నాడు.

"ఏడిదో చెప్పి కలుపుతవా?"

"చెప్తే ఎవరు తీస్కుంటరు బాయీ?"

"అయితే మూట కట్టు."

అక్కడ మొదలైంది నా బాధ. పక్కింటి లక్ష్మీబాయి మనవరాలి ఉయ్యాలకు దూది కావాలని సంచీ పట్టుకుని వచ్చింది. బాపమ్మ అసలు సంగతి చెప్పగానే సంచీ మా ఇంట్లోనే వదిలేసి పోయింది. దుకాణం హమాలీ లచ్చయ్య రెండు చేతులూ చాపి, మాట విని, రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. వాళ్ల భయం చూసి నాకు నవ్వొచ్చింది గానీ, మూట మోసేది నేనే.

"బాపమ్మా, నువ్వు నోరు మూసుకుంటె ఎప్పుడో అయిపోవు గదనే!" అన్నాను.

"గిన్నెకు సొట్టుంటె చెప్పి అమ్ముతమా లేదా?"

"సొట్టకు రేటు తగ్గిస్తవ్. చావుకెంత తగ్గిస్తవ్?"

"ఊకెనే ఇస్తున్న గదనే, ఇంకేం తగ్గియ్యాలె!"

శనివారం వచ్చింది. బాపమ్మ తన పాత నూలు చీరలు చింపి గలీబులు కుట్టింది. ఒక్క పెద్ద పరుపు పోయి, చాపంత చాపంత పలుచని పరుపులు తయారయ్యాయి. వాటిని ఆటోలో వేయించి సర్కారు దవాఖాన వైపు పోనిమ్మంది. తాత లోపల ఉన్నన్నాళ్లూ ఆమె ఆ దవాఖాన ముందున్న చెట్ల కిందే, అట్టముక్క మీద పడుకుంది. ఆ సంగతి మాకెవరికీ చెప్పలేదు. చీమలు కుట్టిన మచ్చలు చూసి మేమే కనిపెట్టాం.

చెట్ల కింద పేషెంట్ల వాళ్లు టిఫిన్ డబ్బాలతో, చెప్పులు తలకింద పెట్టుకుని ఉన్నారు. ఆటో చూడగానే లేచి వచ్చారు. బాపమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని, గిన్నెల వేలం పాడినట్టు మరాఠీలో గొంతెత్తి చెప్పింది: దూది శుభ్రమైంది, ఎండలో ఎండింది, గలీబులు ఉతికినవి, దీని మీద మా ఆయన ప్రాణం పోయింది, ఇష్టమున్నవాళ్లు తీసుకోండి.

వచ్చినవాళ్లు వచ్చినట్టే వెనక్కి తగ్గారు. ఒకాయన దండం కూడా పెట్టాడు. నేను ఆటో అతని వైపు చూశాను, తిరిగి ఎక్కించాలేమో అని. బాపమ్మ మాత్రం కదల్లేదు. ఎండలో అలాగే నిలబడింది. మళ్లీ మొదటినుంచి అదే మాట, ఇంకొంచెం గట్టిగా చెప్పింది.

అప్పుడు ఒక చెట్టు వెనక నుంచి మాధురి అనే ఆమె లేచి వచ్చింది. గోండ్‌పిప్రి నుంచి భర్తను తీసుకొచ్చిందట. కళ్లు గుంటలు పడి ఉన్నాయి. ఆమె మరాఠీలో అడిగింది.

"మీ ఆయన తన్నుకుని పోయాడా బాయీ?"

"లేదు. నిద్రలోనే పోయిండు. పక్కన నేనున్న, నాకే తెల్వలేదు."

"అంటే నిద్ర పట్టే పరుపే." మాధురి చెయ్యి చాపింది. "లోపల మా ఆయన పడుకున్న మంచం మీద ఎందరు పోయారో నాకెవరూ చెప్పలేదు. మీరు చెప్పారు. ఇటివ్వండి, నాకు నిద్ర లేక ఎన్నాళ్లయిందో."

పరుపు పరుచుకుని, కొంగు ముఖం మీదికి లాక్కుంది. మేము మాట్లాడుతుండగానే గురక మొదలైంది. ఆ గురక విని మిగతావాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. దండం పెట్టినాయనే చివరి పరుపు కోసం ఇంకొకరితో గొడవపడ్డాడు.

"పోయేటప్పుడు ఎండల ఏసి, తరువాత వచ్చేటోళ్లకు చెప్పి ఇయ్యాలె," అని బాపమ్మ ఒక్కొక్కరి దగ్గరా మాట తీసుకుంది.

ఆదివారం కాక టెంపోతో వచ్చాడు. ఖాళీ మంచం చూసి, విషయమంతా విని, తల గోక్కున్నాడు.

"సరే, గెలిచినవ్. టెంపో పంపించేస్త."

"పంపుడెందుకు? మీ కాలనీల ఫోమ్ పరుపులు తెచ్చినోళ్లంత పాతయి ఏడ పారేస్తున్నరు? పద, పోయి చూద్దాం." అని కాక కంటే ముందు టెంపో ఎక్కి కూర్చుంది.

తిరిగొచ్చాక, మిగిలిన పిడికెడు దూదితో కుట్టిన చిన్న దిండు నా ఒళ్లో పడేసింది. పూల గలీబు, చాలా మెత్తగా ఉంది.

"తాత దూది," అంది.

రెండు రోజులుగా అందరి భయం చూసి నవ్వినదాన్ని, ఆ దిండును రెండు వేళ్లతో పట్టుకున్నాను. "మస్తుగుంది బాపమ్మా. రేపటి సంది పండుకుంట."

"పండుకుంటె ఇప్పుడు పండుకో, లేకుంటె ఇటియ్యి. అడిగేటోళ్లు మస్తున్నరు."