వేపాకు చేదు

మొన్న వాన వెలిశాక మా పెరట్లో ఒక చారల పాము జారిపోయింది. వానకోయిల అంటారు దాన్ని. వీపు పొడవునా రెండు పసుపు గీతలు. చూడగానే నా నోట్లో వేపాకు చేదు ఊరింది.

ఏడేళ్లప్పుడు, వాకాడు దగ్గర మా వరిమడి గట్టు మీద అలాంటిదే నన్ను కరిచింది. మంత్రగాడు వెంకయ్య తాత నా నోట్లో వేపాకు కుక్కి, "చేదుగా ఉందా రా?" అన్నాడు. విషమెక్కితే చేదు తెలియదని మావాళ్ల నమ్మకం. భయంతో నోరెండిపోయి, లేదన్నాను. మంత్రం చదివి మళ్లీ పెట్టాడు. ఈసారి ఉమ్మేశాను.

"బిడ్డను బతికించినాడు!" అని అమ్మ ఆయన కాళ్ల మీద పడింది. నేనూ నమ్మాను.

మరుసటి ఏడు, తెల్లవారుజామున చాపమీద నిద్రపోతున్న పిన్నిని కట్లపాము కరిచింది. బాబాయి ఆసుపత్రికి బండి కట్టబోతే నాన్న ఆపాడు.

"తాత ఉండగా గూడూరెందుకురా? మనోణ్ణి బతికించలా?"

పిన్ని వేపాకు నమిలి, "చేదుగానే ఉందక్కా" అంది అమ్మతో. అందరూ తేలికపడ్డారు. ఆమె రెప్పలు వాలిపోతుంటే, నిద్ర చాల్లేదనుకుని నేను విసనకర్రతో విసిరాను.

మధ్యాహ్నానికి పిన్ని చనిపోయింది.

వానకోయిలకు విషం ఉండదని పెద్దయ్యాక చదివాను. తాత మంత్రానికి మా ఇంట్లో ఉన్న ఒకే ఒక సాక్ష్యం నేను. నన్ను చూపించే ఆ బండి ఆపారు.