గడ్డిపరక

మా ఇంటికి నెత్తళ్లు అమ్మడానికొచ్చే జాలరి పిల్లంటే నాకు ఒళ్లు మంట. అరవైల చివర, శ్రీకూర్మం దగ్గర ఒక రైతింట్లో నేను కొత్త కోడలిగా ఉన్న రోజులవి. ఇద్దరిదీ ఒకే ఈడు. ఇద్దరి మొగుళ్లూ కొట్టేవాళ్లే. కానీ దాని దెబ్బలు ఊరందరికీ తెలుసు. నావి, మోచేతుల దాకా కుట్టించుకున్న నా రవికకే తెలుసు.

కన్ను వాచిపోయి వచ్చినా సరే, చేపల గంప మా గుమ్మంలో దించి, "సూడమ్మా, ఆడి సెయ్యి పడిపోను! తాగొచ్చి ఎలా కొట్టినాడో సూడు!" అని వీధంతా వినేలా తిట్టేది. "మనలో ఇలాటి రోత నేదు" అని మా అత్త నవ్వేది. నేను లోపల కుతకుతలాడిపోయేదాన్ని. దేవుడా, దానికిచ్చిన నోరు నాకెందుకివ్వలేదు అని.

ఒక రోజు అది చేతినిండా కొత్త గాజులతో వచ్చింది. కులపెద్దల ముందు మొగుడితో గడ్డిపరక తెంపుకుందట. చెరో కొసా పట్టుకుని పరకను రెండు ముక్కలు చేస్తే, వాళ్లలో మనువు తెగిపోయినట్టే.

"అంతేనేటి?" అన్నాను.

"అంతే తల్లీ. ఇంక ఆడు సెయ్యెత్తితే పెద్దలు ఊరుకోరు. మాయమ్మ కాడే ఉంటన్నాను."

చేపలకోసం గిన్నె చాచాను. రవిక చేయి పైకి జరిగింది. మోచేతి పైన కమిలిన మచ్చ చూసి అది గొంతు తగ్గించింది. అది గొంతు తగ్గించగా వినడం నాకదే మొదటిసారి.

"నువ్వూ తెంపీయమ్మా."

"మాలో అది నేదే."

"నేదా!" అంది జాలిగా. గంప మోసుకు తిరిగేది, నన్ను చూసి జాలిపడింది! దాని చెంప పగలగొడదామన్నంత అసూయ పుట్టింది నాకు.

అది వెళ్లాక పశువుల శాలలోకి పోయి ఒక పరక లాగాను. రెండు కొసలూ నేనే పట్టుకుని తెంపాను. చూసే పెద్దలు లేరు. అవతలి కొస పట్టుకునేవాడూ లేడు. ఆవు మెడ చాచి, నా చేతిలోని రెండు ముక్కలూ నమిలేసింది.

వీధి చివర దాని కేక ఇంకా వినిపిస్తూనే ఉంది. ఇంట్లోంచి మా ఆయన, "ఒసే, నెత్తళ్లు ఏటి సేసినావే?" అని అరిచాడు.

రవిక చేయి కిందికి లాక్కుని, "వస్తన్నాను" అన్నాను.