వేయించిన రాగులు

పని మీద ఏ ఊరు వెళ్లినా అక్కడ సొంతంగా బీరు తయారుచేసే చోట్లు చూసి రావడం విలేకరిగా నాకున్న సరదా. రెండేళ్ల క్రితం బెంగళూరులో ఒకచోట రాగులతో బీరు చేస్తున్నారని తెలిసి, పెనుకొండ దగ్గరి రైతు నాగప్పను బస్తాలతో సహా వెంటబెట్టుకెళ్లాను. గింజలు నచ్చితే ఏటా అతని పంట వాళ్లే కొంటారు.

బీరు చేసే అమ్మాయి మా హిందూపురం పిల్లే. గుప్పెడు రాగులు తీసి వాసన చూసింది.

"ఇవి వేంచినారు కదన్నా. మాకు మొలకెత్తేటివి కావాల, మొలకలొస్తేనే బీరయ్యేది."

"పట్నానికి పోయేటివి పురుగు పట్టకూడదని మా ఇంటామె మూడు దినాలు పొయ్యికాడే ఉన్నిందమ్మా" అన్నాడు నాగప్ప. తర్వాత నావైపు తిరిగాడు. "ఏమప్పా, ఈ మాట ముందే చెప్పుంటే ఏం పోయా?"

నాకు తల కొట్టేసినట్టయింది. మొలకల సంగతి అడిగి తెలుసుకోవాల్సింది నేనే.

ఆ అమ్మాయి నాలుగు గింజలు నమిలింది. మళ్లీ నాలుగు నోట్లో వేసుకుంది. "ఈ వాసన నల్ల బీరుకు బాగా కుదురుతాది. ఇవి ఉండనీ. వచ్చేసారి సగం పచ్చివి, సగం ఇట్లే వేంచినవి తీస్కరా."

నాగప్ప వెంటనే భార్యకు ఫోన్ చేశాడు. "నువ్వు వేంచినవే కావాలంట ఈడ."

ఎన్నో వార్తలు రాశాను. నా తప్పును ఒక ఇల్లాలి చేతిపని సరిదిద్దడం మాత్రం ఆ రోజే చూశాను.