ఈమెయిల్లో మా వదిన చేసిన యుద్ధం

పోయిన నెల ఒక శుభలేఖ ఇవ్వడానికి సీతమ్మధారలో మా వదిన ఇంటికి వెళ్ళాను. తలుపు తీసే ఉంది. వదిన కంప్యూటరు ముందు కూర్చుని, కళ్ళజోడు ముక్కు చివరికి జారిపోయి ఉంటే, నా చెప్పుల చప్పుడు విని కూడా వెనక్కి తిరక్కుండా ఆగమని చెయ్యెత్తింది. "కూకోమ్మా, ఒక్క నిమిషం. ఈ గుర్రపోళ్ళని ఏరు దాటించీసి వచ్చేత్తాను," అంది. అరవై దాటి, మోకాళ్ళ నొప్పులతో మేడమెట్లు ఎక్కడం మానేసిన మనిషి గుర్రపు దళాన్ని ఏరు దాటించడం తెలియనివాళ్ళకి వింతగా ఉంటుంది గాని నాకు అలవాటే. ఆ ఏరు ఒక్క నిమిషంలో తెమిలేది కాదని కూడా తెలుసు. నేనే వంటింట్లోకి వెళ్ళి పాలు పొయ్యి మీద పెట్టాను. అవి కాగుతుంటే, అసలు ఈవిడకి ఈ యుద్ధాల పిచ్చి ఎలా అంటుకుందో గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకున్నాను.

మాది గోదావరి వైపు నుంచి వచ్చిన కుటుంబం. నాన్న పోర్టు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. అన్నయ్యకీ పోర్టులోనే పని దొరికింది, రేవులోకి వచ్చే ఓడలని కనిపెట్టి వాటితో మాట్లాడే సిగ్నల్ స్టేషన్లో. సముద్రం చివర చుక్కలా ఉన్నప్పుడే దుర్భిణిలో చూసి అది బొగ్గు ఓడో నూనె ఓడో చెప్పేవాడు, ఇంటికొచ్చాక అట్టు తింటూ మాకు మళ్ళీ చెప్పేవాడు. వదినది భీమిలి పక్కన ఒడ్డు మీది పల్లె. వాళ్ళ నాన్నకి సొంత పడవ ఉండేది. ఆ పెళ్ళి ఎలా కుదిరిందో చెప్పాలంటే అదొక పెద్ద కథ. మా అమ్మ చాలాకాలం అలిగి కూర్చుందనీ, వదిన పెట్టిన వంజరం చేప పులుసు తిన్నాక అలక మానేసిందనీ మాత్రం చెబుతాను. నాకప్పుడు దగ్గర్లోనే ఒక స్కూల్లో ఇంగ్లీషు టీచరు ఉద్యోగం. అన్నయ్య వాళ్ళింట్లోనే ఉండేదాన్ని.

తొంభైలు ముగుస్తున్న రోజుల్లో అన్నయ్య ఎవరి దగ్గరో పాత కంప్యూటరు కొన్నాడు. దాంతోబాటు ఒక యుద్ధం ఆట వచ్చింది. తెర మీద తేనెపట్టులా ఆరుమూలల గళ్ళు. గళ్ళ నిండా కొండలు, ఏళ్ళు, వంతెనలు, ఊళ్ళు. మధ్యలో ఫిరంగులు, గుర్రాలు, కాలిబంట్ల దళాలు. చదరంగంలాగే ఒకరి తర్వాత ఒకరు ఎత్తులు వెయ్యాలి. కంప్యూటరుతో ఆడి ఆడి విసుగెత్తాక, మనుషులతో ఆడాలనుకునేవాళ్ళు పేర్లు పెట్టుకునే వెబ్‌సైటు ఒకటి అన్నయ్యకి దొరికింది. అక్కడ పరిచయమైనవాడే కెనడా పెద్దాయన, రైల్వేలో పనిచేసి రిటైరై, ఏదో మంచు ఊళ్ళో ఒంటరిగా ఉండేవాడు. మన ఎత్తులు వేసి ఆపితే ఆట ఒక ఫైలుగా మారేది. దాన్ని ఈమెయిలుకి తగిలించి పంపితే ఆయన తెరిచి, మనమేం చేశామో చూసుకుని, తన ఎత్తులు వేసి తిరిగి పంపేవాడు. ఇంట్లో ఇంటర్నెట్ లేదు. అన్నయ్య ఫైలుని ఫ్లాపీలోకి ఎక్కించి, ఉప్పుగాలికి పాడవుతుందని పాలిథిన్ సంచీలో చుట్టి, జేబులో పసిబిడ్డలా పెట్టుకుని నెట్ సెంటరుకి పట్టుకెళ్ళేవాడు. తిరిగొచ్చాక జవాబు కోసం వారం రోజుల ఎదురుచూపు. "ఏటండీ ఇది, యుద్ధం సేత్తన్నారా, వియ్యంకుడికి ఉత్తరాలు రాత్తన్నారా?" అని వదిన నవ్వేది. పెద్దాయనకి రైలు మావయ్య అని పేరుపెట్టింది కూడా ఆవిడే. ఈమెయిలు చివర ఆయన తన తోటలో మంచు ఎంత పడిందో రాసేవాడు. అన్నయ్య ఇక్కడ ఉక్కపోత ఎంతుందో రాసేవాడు. ఆట మధ్యలో వాళ్ళిద్దరూ అలా స్నేహితులయ్యారు.

అన్నయ్యకి కుడికంటి చూపు చిన్నప్పటినుంచీ మందం. లోకమంతా ఎడమకంటితోనే చూసేవాడు. ఒకరోజు డ్యూటీలో దుర్భిణి పెట్టుకుంటే ఆ ఎడమకంటికి పక్కనుంచి నల్లటి తెర దిగినట్టయింది. అద్దం మురికేమోనని తుడిచాడట, మళ్ళీ తుడిచాడట. ఆసుపత్రికి వెళితే కంటి లోపలి పొర ఊడివచ్చిందని చెప్పి వెంటనే ఆపరేషను చేశారు. పొర అతుక్కోవడానికి కంట్లో గాలి బుడగ పెట్టారు. అది సరైన చోట నొక్కి ఉండాలంటే పగలూ రాత్రీ బోర్లానే పడుకోవాలి. తర్వాత కూడా చాలా వారాలు చదవకూడదు, తెర చూడకూడదు. చూపు ఎంతవరకు తిరిగొస్తుందో ముందే చెప్పలేమన్నారు.

అంత మాటకారి అన్నయ్య దిండులో ముఖం పెట్టుకుని గోడలా అయిపోయాడు. కన్ను లేకపోతే సిగ్నల్ స్టేషను లేదు. అది లేకపోతే తనకేముందని వాడి బాధ. అన్నం రెండు ముద్దలకి మించి తినేవాడు కాదు. అలాంటప్పుడు నెట్ సెంటరు నుంచి నేను రైలు మావయ్య ఫైలు తెచ్చాను. అన్నయ్య తల కూడా కదపలేదు. "ఓడిపోయానని రాసెయ్యవే. అయిపోయింది," అన్నాడు. ఆ మాట ఆట గురించి కాదని నాకూ వదినకీ తెలుసు.

వదిన తడిచెయ్యి కొంగుకి తుడుచుకుని కంప్యూటరు ముందు కూర్చుంది. అంతవరకు దాని మీద దుమ్ము దులపడమే గాని ముట్టుకున్న మనిషి కాదు. "మీకు అవుపడకపోతే నాకవుపడతంది కదా. ఇక్కడ ఏరుంది, పక్కన వంతెనుంది, ఇవతలొడ్డున మనోళ్ళున్నారు. ఏటి సెయ్యాలో సెప్పండి," అంది. జవాబు కోసం ఆగకుండా పటం చెబుతూ పోయింది. ఆ ఊళ్ళ పేర్లు ఆవిడ నోటికి తిరగక సొంత పేర్లు పెట్టేసింది. వంతెన దగ్గరి ఊరు తగరపువలస. కొండ కింద ఊరు సింహాచలం. శత్రువు వచ్చే దారి హైవే. "తగరపువలస కాడ ముగ్గురు గుర్రపోళ్ళు తెగ తిరిగేత్తన్నారండి" అని చెబుతుంటే, దిండులోంచి "ముగ్గురు కాదు, మూడు దళాలు," అని గొణుగు వినబడింది. ఆపరేషను తర్వాత వాడు నిజంగా ఆట గురించి అన్న మొదటి మాట అదే.

అప్పటినుంచి ఆ గది యుద్ధశిబిరమైపోయింది. అన్నయ్య పటమంతా మనసులో పెట్టుకుని బోర్లాపడుకునే ఆజ్ఞలిచ్చేవాడు. వదిన మౌసుని పెనం మీద అట్టు తిప్పినంత జాగ్రత్తగా తిప్పేది. నేను ఈమెయిళ్ళు రాసి ఫ్లాపీ మోసేదాన్ని. అన్నయ్య అలిసిపోయి నిద్రపోతే వదిన ఆ గళ్ళనే చూస్తూ కూర్చునేది. ఏ దళానికి తిండీ తూటాలూ అందుతున్నాయో, ఏది వెనకబడిందో ముందు అది చూసేది. ఎవరినీ ఒంటరిగా పంపేది కాదు.

ఒకసారి మావయ్య సైన్యం పెద్దదై మీదపడింది. అన్నయ్య బాగా ఆలోచించి, "వంతెన దగ్గర ఒక్క దళాన్ని వదిలెయ్. అది చచ్చేదాకా అడ్డుకుంటుంది. ఈలోగా మిగతావాళ్ళు కొండెక్కేస్తారు," అన్నాడు. వదిన అలాగేనంది. ఫైలు వెళ్ళింది. జవాబు వచ్చాక ఎప్పట్లాగే ఆవిడ పటం చెబుతుంటే అన్నయ్య ఆపాడు.

"వంతెన దగ్గరిది ఎంతవరకు నిలబడింది?"

"ఆళ్ళని తీసుకొచ్చీసినానండి."

"తీసుకొచ్చావా! ఎవరు తెమ్మన్నారు?"

"ఆళ్ళకి మాత్రం పెళ్ళాం పిల్లలుండరేటి? అందరూ ఎల్పోతంటే ఆళ్ళని ఒక్కళ్ళనీ అక్కడ ఒగ్గీసి ఎలగొచ్చీడం? నాను ఒగ్గను."

అన్నయ్య అరిచాడు. వంతెన పోయిందన్నాడు, యుద్ధమంటే పేరంటం కాదన్నాడు, ఆవేశంలో మంచం మీద లేచి కూర్చోబోయాడు. కన్ను ఏమైపోతుందోనని నేను కంగారుపడ్డాను. వదిన వెళ్ళి భుజాల మీద చేతులు వేసి నెమ్మదిగా మళ్ళీ బోర్లా పడుకోబెట్టి, వీపు రాస్తూ, "తిట్టండి, ఇంకా తిట్టండి. ఎన్నాళ్ళైపోనాదో మీ గొంతు ఇని," అంది. అప్పుడామె ముఖం నేను చూశాను. నవ్వుతోంది, కన్నీళ్ళు ధారగా కారుతున్నాయి. దిండులో అన్నయ్య వీపు అదిరింది. వాడు ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో మేం అడగలేదు. ఆపూట మాత్రం అన్నం పూర్తిగా తిన్నాడు.

రైలు మావయ్యకి అనుమానం వచ్చింది. మీ ఆట తీరు మారింది, ఇన్నేళ్ళలో ఒక చిన్న దళం కోసం వంతెన వదులుకున్నవాణ్ణి చూడలేదు, అంతా కుశలమేనా అని రాశాడు. వదిన పక్కన కూర్చుని మరీ ఉన్నదున్నట్టు నాచేత రాయించింది. జవాబు ఈసారి వెంటనే వచ్చింది. ఎంతకాలమైనా ఆగుతాననీ, తొందరేమీ లేదనీ, కన్ను మొదట చూసుకోమనీ రాశాడు. చివర, "జాలిపడి మెత్తగా మాత్రం ఆడను. మీ ఇంట్లోని సేనాధిపతికి అది అవమానం," అని ఒక మాట. చదివి తెలుగులో చెప్పగానే వదిన నిటారుగా కూర్చుంది. "మంచోడే. అలగైతే నానూ మెత్తగా ఆడను," అంది.

ఆ ఆటలో మేం ఓడిపోయాం. కొండ కింద ఊరు చివరిదాకా నిలబెట్టుకున్నాం గాని, వంతెన పోయిన లోటు పూడలేదు. స్వల్ప ఓటమి అని కంప్యూటరు తీర్పు చెప్పింది. అప్పటికి అన్నయ్య గోడకి ఆనుకుని కూర్చునేవాడు, వెలుగు తెలిసేది, మా ముఖాలు నీళ్ళలో చూసినట్టు కనబడేవి. "స్వల్పమేనట!" అని పొంగిపోయి, వీధిలో అందరికీ గెలిచినట్టే చెప్పాడు. చూపు చాలావరకు వచ్చింది గాని దుర్భిణికి సరిపడా రాలేదు. ఆఫీసులో కుర్చీ పని ఇచ్చారు. మొదట్లో సాయంత్రాలు బీచికి వెళ్ళి ఓడలు ఉన్నవైపు కాసేపు చూసి తిరిగొచ్చేవాడు. వదిన పక్కనే నడుస్తూ దూరంగా కనబడ్డ ఓడ రంగూ రూపూ చెప్పేది. వాడు దాన్నిబట్టి అది ఏ సరుకుదో చెప్పేవాడు. కొన్నాళ్ళకి అందులోనూ వాడికి సంతోషం దొరికింది. రైలు మావయ్య తర్వాతి ఆట వదినతోనే కావాలన్నాడు. వాళ్ళిద్దరూ ఆ తర్వాత ఏళ్ళతరబడి ఆడారు. ఆవిడ ఎక్కువసార్లు ఓడింది, కొన్నిసార్లు గెలిచింది. ఎవరినీ వెనక వదిలేసి రావడం మాత్రం నేర్చుకోలేదు. పోయిన నెల నేను వెళ్ళినప్పుడు కూడా పాలు కాగేదాకా ఆ గుర్రపోళ్ళందరినీ ఒడ్డుకి చేరుస్తూనే ఉంది.

నేను తరువాత చాలామంది ధైర్యవంతులని చూశాను. అరిచి ధైర్యం చెప్పేవాళ్ళే ఎక్కువ. భయంతో ముడుచుకుపోయిన మనిషి పక్కన కూర్చుని, ఏరెక్కడుందో, ఊరెక్కడుందో ఓపిగ్గా చెబుతూ, వాణ్ణి మళ్ళీ లోకంలోకి పిలిచిన మనిషిని మా వదినలోనే చూశాను. ఆ నెలలు ఎప్పుడు గడుస్తాయా అని ముగ్గురం ఎదురుచూశాం. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే, మేం అన్నిటికంటే దగ్గరగా బతికిన రోజులు అవే. ఏ రోజులు ఎంత విలువైనవో అవి గడుస్తున్నప్పుడు కాలం మనకి ఎందుకో చెప్పదు.